డిస్కస్ వదిలి సినిమాల్లోకి వెళ్ళొచ్చా? భీముడు ప్రవీణ్ కుమార్ దారి గురించి

ప్రశ్న: "సర్, నాకు 22 ఏళ్ళు. డిస్కస్ త్రో ఆడతాను. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. రాష్ట్ర స్థాయిలో పతకాలు ఉన్నాయి, జాతీయ స్థాయిలో ఇంకా రాలేదు. నన్ను చూసినవాళ్ళంతా సినిమాల్లో ట్రై చెయ్యమంటున్నారు. దూరదర్శన్ మహాభారతంలో భీముడుగా చేసిన ప్రవీణ్ కుమార్ గారు కూడా డిస్కస్ ఆటగాడేనట. ఆయన ఎలా వెళ్ళారు? ఆ దారి ఇప్పటికీ ఉందా? హైదరాబాద్‌లో ఒక మేనేజర్ ప్రాక్టీస్ మానేసి వచ్చేయమంటున్నాడు. పోర్ట్‌ఫోలియోకి, రిజిస్ట్రేషన్‌కి డబ్బు కట్టమంటున్నాడు. కట్టమంటారా?"

జవాబు:

తమ్ముడూ, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. డబ్బు కట్టొద్దు, ప్రాక్టీసూ మానొద్దు. ఎందుకో అర్థం కావాలంటే ప్రవీణ్ కుమార్ గారి కథ మొదటి నుంచి తెలియాలి. చాలామంది దాన్ని డిస్కస్ విసిరాడు, భీముడయ్యాడు అని రెండు ముక్కల్లో చెప్పేస్తారు. మధ్యలో ఉన్న ఏళ్ళలోనే నీకు పనికొచ్చే విషయమంతా ఉంది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. నేను షాట్‌పుట్ ఆడినవాడిని. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు అనుమతి తీసుకుని చాలా ఏళ్ళు పౌరాణిక సీరియళ్ళలో రాక్షసుడిగా, మల్లుడిగా, ద్వారపాలకుడిగా, సినిమాల్లో విలన్ వెనక నిలబడే మనిషిగా చేశాను. ఇప్పుడు పిల్లలకు త్రోస్, అంటే షాట్‌పుట్ గుండు, డిస్కస్ బిళ్ళ, హ్యామర్ (తీగకు కట్టిన గుండు) విసరడం నేర్పిస్తున్నాను. భారీ మనిషి కావాలని ఫైట్ మాస్టర్లు, కో-ఆర్డినేటర్లు అడిగినప్పుడు నాకు తెలిసిన కుర్రాళ్ళను పంపిస్తుంటాను. అందుకే గ్రౌండ్ సంగతీ సెట్ సంగతీ రెండూ దగ్గర నుంచి తెలుసు.

ప్రవీణ్ కుమార్ సోబ్తీ 1947 డిసెంబరు 6న పంజాబ్‌లో, అమృత్‌సర్ వైపు ఉన్న సర్హాలీ కలాన్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ రాష్ట్రంలో త్రోస్‌కి అప్పటికే మంచి పేరుంది. 1954 మనీలా ఆసియా క్రీడల్లో పర్దుమన్ సింగ్ షాట్‌పుట్, డిస్కస్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. 1958 టోక్యోలో డిస్కస్ స్వర్ణం బల్కార్ సింగ్‌ది. అలాంటి చోట ఆరున్నర అడుగుల కుర్రాడు పెరుగుతుంటే అతని చేతిలో డిస్కస్, హ్యామర్ పెట్టకుండా ఎవరుంటారు?

1966 ఆయన ఏడాది. ఆగస్టులో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో హ్యామర్ త్రోలో రజతం. డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డిస్కస్‌లో స్వర్ణం, హ్యామర్‌లో కాంస్యం. అప్పటికి 19 నిండి కొద్ది రోజులే. మరుసటి ఏడు అర్జున అవార్డు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌కి హ్యామర్‌లో వెళ్ళారు. 1970లో మళ్ళీ బ్యాంకాక్‌లోనే ఆసియా క్రీడలు జరిగితే మళ్ళీ డిస్కస్ స్వర్ణం. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌కి డిస్కస్‌లో. 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో డిస్కస్ రజతం.

నువ్వు డిస్కస్ ఆడతావు కాబట్టి దీని విలువ నీకు చెప్పక్కర్లేదు. 2 కిలోల డిస్కస్‌కీ 7.26 కిలోల హ్యామర్‌కీ తిరిగే పద్ధతి వేరు, అడుగు పడే తీరు వేరు, వదిలే క్షణం వేరు. ఈ రెండింటిలోనూ ఒకే ఏడాది అంతర్జాతీయ పతకాలు తేవడం, తర్వాత ఎనిమిదేళ్ళ పాటు ఆసియాలో పైవరుసలో నిలబడటం మామూలు విషయం కాదు. మన దేశంలో త్రోస్ ఆడినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఆయన్ను "మహాభారతంలో భీముడు" అని మొదలుపెట్టి, ఆటను చివర్లో ఒక వాక్యంలో ముగిస్తారు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. భీముడు కాకపోయినా ఆయన పెద్దవాడే.

ఆ రోజుల్లో ఆటలో డబ్బు లేదు. స్పాన్సర్లు, లీగులు ఏమీ లేవు. ఆయనకు తిండి పెట్టింది సరిహద్దు భద్రతా దళం, అదే బీఎస్ఎఫ్. అది 1965 డిసెంబరులో ఏర్పడింది. దేశం కోసం ఆడినవాళ్ళను తీసుకుంది. అక్కడ ఆయన డిప్యూటీ కమాండెంట్ దాకా వెళ్ళారు. ఈ ఉద్యోగం సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక సినిమా. టెహ్రాన్ తర్వాత ఆయన ఆట నెమ్మదించింది. 1970ల చివర్లో ఒక టోర్నమెంటు కోసం కశ్మీర్ వెళ్ళినప్పుడు దర్శకుడు రవికాంత్ నగాయిచ్ కంట పడ్డారు. ఈ పేరు మన పాతతరం వాళ్ళకు బాగా తెలుసు. 1961లో ఎన్టీఆర్ గారు దర్శకత్వం వహించిన సీతారామ కల్యాణానికి కెమెరామన్ ఆయనే. పది తలల రావణుణ్ణి కంప్యూటర్ లేని రోజుల్లో కెమెరాతోనే చూపించిన మనిషి. తర్వాత హిందీకి వెళ్ళి జితేంద్రతో గూఢచారి సినిమాలు తీశారు. అలాంటి కన్ను ప్రవీణ్ గారి మీద పడింది. కానీ మొదటి పాత్రకు ఒక్క డైలాగు కూడా లేదు. నిలబడాలి, భయపెట్టాలి, కొట్టాలి, చివరికి హీరో చేతిలో దెబ్బలు తినాలి.

1981లో నగాయిచ్ గారి రక్షలోనూ విలన్ మనిషే. 1988 ఫిబ్రవరిలో వచ్చిన షహెన్‌షాలో అమితాబ్ బచ్చన్ ఢీకొట్టే ముఖ్తార్ సింగ్ ఆయనే. ఆ ఫైట్ ఇప్పటికీ జనం వెతుక్కుని చూస్తారు. హీరో ఎంత గొప్పవాడో చూపించాలంటే ఎదురుగా కొండలాంటి మనిషి కావాలి. ఆ కొండ పని ఆయనది.

ఇదుగో, ఇక్కడే నీకు నేను చెప్పదలుచుకున్నది ఉంది. శరీరం తలుపు తీస్తుంది. కానీ అదే శరీరం మనల్ని ఆ తలుపు దగ్గరే నిలబెట్టేస్తుంది. ఎత్తు చూసి పిలిచినవాళ్ళు ఎత్తుకే పని రాస్తారు. ఆ మనిషికి ఇల్లుంటుంది, అమ్మ ఉంటుంది, ఏడుపొస్తుంది అని రాయరు. ప్రవీణ్ గారికి ఆసియా స్వర్ణాలు రెండున్నా సినిమాల్లో చాలాకాలం మాట లేని మనిషిగానే ఉండాల్సి వచ్చింది. నీకు ఇంకా జాతీయ పతకం లేదు. తలుపు దగ్గర నీ ముందు ఎంతమంది నిలబడి ఉంటారో ఊహించుకో.

అయితే ఆయన్ను జనం ఎందుకు మరిచిపోలేదు? భీముడి వల్ల. బి.ఆర్. చోప్రా మహాభారతం 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24 దాకా ఆదివారం ఉదయాల్లో నడిచింది. మొత్తం 94 భాగాలు. తెలుగు ఊళ్ళలో హిందీ ముక్క రాని ముసలమ్మలు కూడా టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకు భాష అడ్డు రాలేదు, కథ తెలుసు కాబట్టి. తెరమీద ఎవరు ఎవరో గుర్తుపడితే చాలు. ప్రవీణ్ గారు నడిచి వస్తే "భీముడు వచ్చాడు" అనుకోవడానికి ఎవరికీ పరిచయం అక్కర్లేకపోయింది.

సరే, అది కూడా ఎత్తు వల్లే కదా అంటావు. మొదట అంతే. ఆ పాత్రను ముందు పునీత్ ఇస్సార్‌కి ఇవ్వబోతే ఆయన దుర్యోధనుడు కావాలని పట్టుబట్టారు. భీముడికి ఆయన కంటే భారీ మనిషిని వెతకాల్సి వచ్చింది. కానీ పిలిచింది ఎత్తుకే అయినా, రాసిన పాత్ర ఎత్తు దగ్గర ఆగలేదు. మన భీముడు ఎలాంటివాడు? అన్న మాట జవదాటడు, లోపల మండిపోతుంటాడు. అన్నం చూస్తే పసిపిల్లాడు. హిడింబ మీద ప్రేమ ఉంది. నిండు సభలో ద్రౌపదిని అవమానించినప్పుడు పాండవుల్లో ముందు నోరెత్తి, పాచికలాడిన అన్న చేతులు కాల్చేస్తానన్నది భీముడే. ఘటోత్కచుడు పోతే కొడుకుని పోగొట్టుకున్న తండ్రి. ఇన్ని రంగులున్న పాత్రను దాదాపు రెండేళ్ళపాటు వారం వారం చెయ్యడం అంటే, అంతకు ముందు సినిమాలన్నీ కలిపినా దొరకని అవకాశం అది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టినట్టయింది. ఆ మనిషికి మనసు రాసిన రచయిత రాహీ మాసూమ్ రజా గారికి కూడా అందులో వాటా ఉంది.

ఇంకొకటి గమనించు. టీవీ సీరియల్ మనిషికి సమయం ఇస్తుంది. సినిమాలో నాలుగు నిమిషాల ఫైట్‌లో ఎవరూ నటుడు కాలేరు. సీరియల్లో మొదటి నెల బిగుసుకుపోయినవాడు పదో నెలకు వదులవుతాడు. నాకూ అదే జరిగింది. అందుకే ఆటగాళ్ళు నన్ను అడిగితే సినిమా కంటే ముందు సీరియల్ చెయ్యమంటాను, చిన్న వేషమైనా సరే.

ఇప్పుడు మనిద్దరికే అర్థమయ్యే విషయం ఒకటి చెప్తాను. డిస్కస్‌లో నువ్వేం చేస్తావు? రెండున్నర మీటర్ల వలయంలో నిలబడి, ఒకటిన్నర చుట్టు తిరిగి, ఉన్న బలమంతా ఒక్క క్షణంలో వదిలేస్తావు. అంతటితో అయిపోయింది. మళ్ళీ నీ వంతు వచ్చేదాకా ఊపిరి తీసుకుంటావు. కెమెరా ముందు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అదే దెబ్బ పదిసార్లు కొట్టాలి, పదిసార్లూ ఒకేలా ఉండాలి, ఒక్కసారీ తగలకూడదు. ఎదుటివాడి దవడకు జానెడు దూరంలో చెయ్యి ఆగాలి, చూసేవాడికి మాత్రం దవడ విరిగినట్టు ఉండాలి. బలం పెట్టడం మన ఒంటికి అలవాటు. బలం ఆపడం కొత్తగా నేర్చుకోవాలి. కొత్త కుర్రాళ్ళు మొదటి రోజే ఫైటర్‌కి నిజంగా తగిలించేస్తారు, రెండో రోజు పిలుపు రాదు. ఆ ఫైటర్ దెబ్బలు తినే బతుకుతాడు, వాడి ఒళ్ళు జాగ్రత్తగా చూడాల్సింది మనమే.

అలాగే గద. సీరియళ్ళలో పట్టుకునే గదలు తేలికగా ఉంటాయి, లోపల బోలు. ఒక్క చేత్తో ఎత్తి తిప్పొచ్చు. నటుడు దాన్ని మణుగు బరువున్నట్టు చూపించాలి. ఇక్కడ మాత్రం మనకు లాభం. నిజమైన బరువు ఎత్తినప్పుడు ఏం జరుగుతుందో మన ఒంటికి తెలుసు. ఎత్తే ముందు పాదం నేలను వెతుక్కుంటుంది. మోకాలు కొంచెం వంగుతుంది. ఊపిరి బిగుస్తుంది. బరువు భుజం మీదికి వచ్చాక మెడ నరం కనబడుతుంది. దింపేటప్పుడు చెయ్యి కంటే ముందు నడుము దిగుతుంది. ఇవన్నీ తేలిక గదతో చెయ్యగలిగితే చూసేవాడికి అది నిజంగా బరువైనదే. జిమ్‌లో కండలు పెంచి వచ్చినవాళ్ళ చేతిలో గద థర్మాకోల్‌లాగే కనబడటానికి కారణం ఇదే. ప్రవీణ్ గారి భీముణ్ణి మళ్ళీ పెట్టుకుని చూడు. గద భుజం మీద పెట్టుకుని నిలబడ్డప్పుడు కాళ్ళు ఎలా పడ్డాయో చూడు. హ్యామర్ విసిరినవాడి నిలబాటు అది.

మన దగ్గర కూడా ఇలాంటి మనిషి ఉన్నారు, ప్రవీణ్ గారి కంటే పాతికేళ్ళ ముందే. దండమూడి రాజగోపాలరావు గారు. కృష్ణా జిల్లా మనిషి, దేశం తరఫున పోటీల్లో బరువులెత్తిన వెయిట్‌లిఫ్టర్. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడు ఆయనే. ఎదురుగా కీచకుడు ఎస్వీ రంగారావు గారు! రంగారావు గారి ముందు నిలబడాలంటే మామూలు నటులకే వణుకు. కీచకవధ దగ్గర ఆ ఇద్దరినీ చూడు. ఒకరిది నటనలో బలం, ఒకరిది ఒంట్లో బలం. ఆ సన్నివేశానికి రెండూ కావాలి. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ షటిల్ ఆడే పిల్లల్లో ఎంతమందికి ఆయన భీముడని తెలుసో అనిపిస్తుంటుంది నాకు.

ఎత్తు, బరువు లేకుండా వచ్చినవాళ్ళ దారి వేరు. అశ్విని నాచప్ప గారిది కొడగు, పరుగు పందాల మనిషి, పి.టి. ఉషను కూడా ఓడించిన స్ప్రింటర్. 1988లో అర్జున అవార్డు. ఆమె జీవితాన్నే ఆధారం చేసుకుని రామోజీరావు గారు 1991లో అశ్విని సినిమా తీశారు, మౌళి దర్శకుడు, ఆమె పాత్రను ఆమే చేశారు. పరుగులో ఉన్న నిజాయితీ తెరమీద కూడా కనబడింది. తర్వాత తెలుగులో ఇంకొన్ని సినిమాలు చేశారు, పోలీసు పాత్ర కూడా అందులో ఉంది. కానీ సొంత కథ చెప్పేశాక ఆమెకు తగ్గ కథలు రాసినవాళ్ళు ఎక్కువమంది లేరు. ఆమె ఆ తర్వాత కొడగులో పిల్లలకు చదువు, ఆటలు కలిపి నేర్పే స్కూలు పెట్టారు. నా దృష్టిలో అది ఓడిపోయి వెనక్కి వెళ్ళడం కాదు. ఆట నుంచి వచ్చింది ఆటకే తిరిగి ఇచ్చారు.

సుధీర్ బాబు గారిని చూసి ఆశపడతారు చాలామంది. పుల్లెల గోపీచంద్‌తో కలిసి డబుల్స్ ఆడిన బ్యాడ్మింటన్ ఆటగాడు, ఇప్పుడు హీరో. కష్టం ఉంది, ఒప్పుకుంటాను. ఆయనది సినిమా కుటుంబంతో బంధుత్వం ఉన్న ఇల్లు అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీకూ నాకూ ఆ సౌకర్యం లేదు.

దారా సింగ్ గారి దగ్గర నేర్చుకోవాల్సింది వేరే. కుస్తీ నుంచి వచ్చి హిందీలో హీరో అయ్యారు, రామాయణం సీరియల్లో హనుమంతుడయ్యారు. ఎవరో పాత్ర ఇచ్చేదాకా ఆగకుండా తానే సినిమాలు తీశారు, మొహాలీలో దారా స్టూడియో కట్టారు. తలుపు దగ్గర నిలబెడుతున్నారని అర్థమయ్యాక సొంత ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన.

మళ్ళీ ప్రవీణ్ గారి దగ్గరికి వద్దాం. మహాభారతం అయిపోయిన ఏడాదే, 1990లో, మన సింగీతం శ్రీనివాసరావు గారి మైకేల్ మదన కామరాజులో కనిపించారు. కమల్ హాసన్ నాలుగు పాత్రల్లో ఒకదానికి అంగరక్షకుడు. ఆ పాత్ర పేరు కూడా భీమే! నవ్వించారు, బాగా చేశారు. 2002లో చాచా చౌదరి సీరియల్లో సాబూ వేషం వేశారు, గురుగ్రహం నుంచి వచ్చిన మహాకాయుడు. చూశావా, ఒకసారి భీముడయ్యాక భీముడి లాంటివే వచ్చాయి. 50కి పైగా సినిమాల్లో కనిపించారని పత్రికలు రాశాయి. ఆ మొత్తంలో జనం గుర్తుపెట్టుకున్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2013లో ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున ఢిల్లీలోని వజీర్‌పూర్ నుంచి అసెంబ్లీకి పోటీ చేసి ఓడిపోయారు, తర్వాత బీజేపీలో చేరారు.

చివరి రోజులు నన్ను బాగా కలచివేశాయి. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మహాభారతాన్ని మళ్ళీ వేసింది. కొత్త తరం పిల్లలు భీముణ్ణి చూసి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కొంతకాలానికే ఆయన ఆరోగ్యం బాగాలేదని, డబ్బుకు ఇబ్బందిగా ఉందని, ఆసియా క్రీడల పతక విజేతలకు పంజాబ్ ప్రభుత్వం ఇచ్చే పింఛను తనకు రాలేదని బహిరంగంగా చెప్పుకున్నారు. బీఎస్ఎఫ్ పింఛను ఒక్కటే వస్తోందని, దానితోనే నెట్టుకొస్తున్నానని అన్నారు. 2022 ఫిబ్రవరి 7న ఢిల్లీలో చనిపోయారు. 74 ఏళ్ళు.

తమ్ముడూ, ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న సంగతి. దేశమంతా చూసిన పాత్ర చేసిన మనిషికి ముసలితనంలో నెలనెలా వచ్చింది ఏది? సినిమా డబ్బు కాదు, సీరియల్ డబ్బు కాదు. డిస్కస్, హ్యామర్ విసిరినందుకు వచ్చిన ఉద్యోగం ఇచ్చిన పింఛను. నీ మేనేజర్ నిన్ను వదిలేయమంటున్నది సరిగ్గా దాన్నే.

నీ వయసు 22. రైల్వే స్పోర్ట్స్ కోటాకు 18 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉండాలి, అందులో సడలింపు లేదు. పోలీసు, కేంద్ర బలగాలు, సైన్యంలో కూడా కోటా ఉంటుంది, వాటి వయసు నిబంధనలు వాటికున్నాయి. నోటిఫికేషన్ పడినప్పుడు చూసేది గడిచిన ఒకటి రెండు సీజన్ల ప్రదర్శన. అంటే నువ్వు ఈ రెండు మూడేళ్ళలో జాతీయ స్థాయిలో ఏం చేస్తావన్నదే నీ ఉద్యోగం. ఈ సమయం సినిమా వాళ్ళుండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూముకి అద్దె కడుతూ ఫోను కోసం ఎదురుచూడటంలో పోతే తిరిగి రాదు. నటనకు వయసు అడ్డం కాదు. ప్రవీణ్ గారు భీముడయ్యేనాటికి 40 దాటారు. 22కే సినిమాల్లోకి పరిగెత్తాల్సిన అవసరం హీరో అవ్వాలనుకునేవాళ్ళకు ఉండొచ్చు. మనలాంటి భారీ మనుషులకు వచ్చే పాత్రలకు ముఖంలో కాస్త వయసు ఉంటేనే బాగుంటుంది. ఉద్యోగం వచ్చాక నటించాలంటే డిపార్ట్‌మెంట్ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. దాచి చేస్తే ఇబ్బంది.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. సినిమా బాడీ కావాలని జిమ్‌లో ఎవరో ఇంజెక్షన్ల గురించి చెప్తారు. ఒక్కసారి దానికి చెయ్యి చాపావంటే, నాడా (ఆటగాళ్ళు మందులు వాడారేమో చూసే జాతీయ సంస్థ) పరీక్షలో దొరికితే నాలుగేళ్ళ దాకా నిషేధం. ఉద్యోగం ఆశ కూడా దానితోనే పోతుంది. పైగా త్రోయర్ ఒళ్ళు సిక్స్ ప్యాక్ ఒళ్ళు కాదు. కొవ్వు కరిగించి పలకలు తెచ్చుకోవాలని తిండి మానేస్తే త్రో పడిపోతుంది. ప్రవీణ్ గారికి పలకలు లేవు, ఛాతీ ఉంది, వీపు ఉంది, తొడలున్నాయి. భీముడంటే జనం నమ్మింది ఆ ఒంటినే.

మరి నటన పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. ప్రాక్టీసు అయ్యాక సాయంత్రం ఒక గంట చాలు. మొదటి పని గొంతు. భారీ మనిషికి పాత్ర పెరగకుండా ఆపేది ఎక్కువసార్లు గొంతే. మనిషి కొండలా ఉండి మాట కీచుగా, తొందరగా వస్తే డబ్బింగ్ వేరేవాళ్ళ చేత చెప్పిస్తారు. అప్పుడు పాత్రలో సగం నీది కాకుండా పోతుంది. మీ ఊళ్ళో పద్యనాటకం ఆడేవాళ్ళు ఉంటారు. వెళ్ళి పద్యం నేర్పమని అడుగు. భీముడి పద్యాలు, దుర్యోధనుడి పద్యాలు రాగంతో పాడటం వచ్చేదాకా నేర్చుకో. పద్యం పాడినవాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, వత్తులు ఎలా పలకాలో తెలుస్తుంది. సెట్‌లో నాలుగు పేజీల డైలాగు చేతిలో పెట్టి పావుగంటలో షాట్ అంటే తట్టుకునే ధైర్యం కూడా అక్కడే వస్తుంది. నేను పంపిన కుర్రాళ్ళలో రెండో పాత్ర, మూడో పాత్ర దాకా వెళ్ళినవాళ్ళు పద్యం వచ్చినవాళ్ళే. ఎత్తు ఎక్కువ ఉన్నవాళ్ళు వెనకబడ్డారు.

రెండోది పడటం. బలంగా కొట్టడం కంటే దెబ్బ తిని పడటం కష్టం. మీ జిల్లాలో జూడో కోచ్ ఉంటే కొన్ని వారాలు పడటం మాత్రమే నేర్పించమను. మెడ, మణికట్టు కాపాడుకోవడం వస్తుంది, అది త్రోకి కూడా మంచిదే. గుర్రం ఎక్కడం నేర్చుకునే వీలుంటే నేర్చుకో. పౌరాణికాలకు, జానపదాలకు అడుగుతారు.

ఇక ఆ మేనేజర్. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడగడు. నాకు తెలిసిన కో-ఆర్డినేటర్లు పని అయ్యాక, మనకు వచ్చినదాంట్లో కమీషన్ తీసుకుంటారు. ముందుగా రిజిస్ట్రేషన్ అని అడిగేవాడి వ్యాపారం రిజిస్ట్రేషనే. మనలాంటివాళ్ళకు పెద్ద పోర్ట్‌ఫోలియో అవసరమే లేదు. తెల్ల గోడ ముందు పగటి వెలుగులో ఫోనుతో తీసిన ఫొటోలు నాలుగు చాలు: ఎదురుగా, పక్క నుంచి, తలనుంచి కాళ్ళదాకా, ముఖం దగ్గరగా. పక్కన మామూలు ఎత్తు మనిషిని నిలబెట్టి ఒకటి తీయించుకో, వాళ్ళకు ముందు కావాల్సింది అదే. ఒక నిమిషం వీడియోలో పేరు, ఊరు, ఎత్తు, బరువు, వచ్చిన భాషలు చెప్పి ఒక డైలాగు చెప్పు. నువ్వు డిస్కస్ విసిరే వీడియో ఒకటి జత చెయ్యి, మంచి త్రో అయ్యి ఉండాలి. ఫైటర్‌గానే చెయ్యాలనుకుంటే యూనియన్ కార్డు సంగతి వేరే ఉంది, దానికి పద్ధతులు, రుసుములు ఉంటాయి. అది యూనియన్ ఆఫీసుకి నేరుగా వెళ్ళి కనుక్కోవాలి, మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వకుండా.

ఇప్పటికే ఏమైనా అడ్వాన్సు కట్టి ఉంటే రసీదు, మెసేజ్‌లు, ఫోన్‌పే వివరాలు దాచిపెట్టు. తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడుగు. నీ ఆధార్, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు, స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడితే వాటితోనే పని. ఈ సీజన్ రాష్ట్ర మీట్‌లో నీ దూరం ఎంతో, ఏ టెక్నిక్‌తో తిరుగుతున్నావో ఇక్కడే రాయి. త్రో వీడియో పెడితే కాలు ఎక్కడ ఆలస్యమవుతుందో చూసి చెప్తాను.